సైట్‌లో తప్పుడు రీడింగ్ రాయమంటే ఏం చేయాలి: ఇంటర్న్‌షిప్‌కి వెళ్లే ఇంజనీరింగ్ విద్యార్థులకు

వేసవి ఇంటర్న్‌షిప్‌లు మొదలైతే చాలు, గోదావరి డెల్టా కాలేజీల పిల్లల నుంచి ఒకే ప్రశ్న రకరకాలుగా వస్తుంది. "సార్, క్యూబ్ రిజల్ట్ తక్కువొచ్చింది, ఎక్కువ వేయమంటున్నారు." "నేను చూడని కొలతకి సంతకం పెట్టమంటున్నారండి." "కాదంటే సర్టిఫికెట్ ఇస్తారో ఇవ్వరో అని టెన్షన్‌గా ఉంది సార్." (క్యూబ్ అంటే బలం పరీక్షించడానికి విడిగా పోసిన కాంక్రీటు దిమ్మ.) వీళ్లంతా ఎథిక్స్ పేపర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లే. అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ ప్రమాదం గురించి నాలుగు పేజీలు గుక్కతిప్పుకోకుండా రాయగలరు. కాలువ గట్టు మీద ఎర్రటి ఎండలో నిలబడి, తండ్రి వయసున్న మనిషితో "అలా రాయలేనండి" అని ఎలా అనాలో మాత్రం ఆ పేపర్‌లో ఎక్కడా ఉండదు.

మన దగ్గర ఈ ఒత్తిడికి ఒక సీజన్ ఉంది. దాళ్వా (రబీ వరి) చేతికొచ్చాక కాలువలు కట్టేస్తారు, సార్వాకి (ఖరీఫ్‌కి) జూన్‌లో మళ్లీ నీళ్లు వదులుతారు. లైనింగులు, లాకుల మరమ్మతులు, చిన్న వంతెనలు అన్నీ ఆ మధ్యలోనే అవ్వాలి. నీళ్లు వదిలే తేదీ నెత్తిమీదకి వచ్చాక పోసిన 28 రోజులకి పరీక్షించే క్యూబు కోసం ఆగే ఓపిక ఎవరికీ ఉండదు. నా లెక్కలో తప్పుడు రీడింగుల్లో ఎక్కువ భాగం దుర్మార్గంతో పుట్టవు, తేదీతో పుడతాయి. ఇది గుర్తుంటే అవతలి మనిషితో మాట్లాడటం కొంచెం తేలికవుతుంది.

కావలసినవి

- కుట్టిన నోట్‌బుక్ ఒకటి. స్పైరల్ వద్దు, కాగితం చింపినా తెలియదు. ప్రతి పేజీకి ముందే నంబరు వేసేయండి.
- బాల్ పెన్. పెన్సిల్ ఇంట్లో పెట్టి రండి.
- మీ పనికి సంబంధించిన కోడ్ పేజీలు ఫోన్‌లో. కాంక్రీటు అయితే భారత ప్రమాణాలు ఐఎస్ 456 (కాంక్రీటు పనికి), ఐఎస్ 516 (బలం పరీక్షకి) చాలు.
- కాలేజీలో ఇంటర్న్‌షిప్ కోఆర్డినేటర్ నంబరు, దానితోపాటు మీకు నమ్మకమున్న ఒక సీనియర్ నంబరు.
- సముద్రం వైపు మండలాల్లో పని అయితే ఒక టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపేది). కొనక్కర్లేదు, కాలేజీ ల్యాబ్‌లో అడిగి తెచ్చుకోండి.

1. మొదటి రోజే నోట్‌బుక్ మొదలుపెట్టండి

గొడవ వచ్చాక రాసిన నోట్‌బుక్‌ని ఎవరూ నమ్మరు. ఏ గొడవా లేని రోజుల్లో కూడా రాసి ఉంటేనే దానికి విలువ. తేదీ, టైము, పని ఎక్కడ, ఎన్ని బస్తాలు కలిపారు, ఎవరెవరు ఉన్నారు, వాన పడిందా అనేవి రోజుకు ఐదారు లైన్లు రాస్తే చాలు. తప్పు పడితే ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె వేసి, పొట్టి సంతకం పెట్టండి. ప్రభుత్వ పనుల కొలతలు రాసే ఎం-బుక్‌లో (మెజర్‌మెంట్ బుక్) పాటించే పద్ధతి ఇదే. అక్కడ చెరపడం, దిద్దడం కుదరదు, పేజీలకు నంబర్లు అచ్చయి ఉంటాయి. వైట్‌నర్ వాడిన రోజే మీ నోట్‌బుక్ చిత్తుకాగితం అయిపోతుంది.

2. రీడింగ్ కంటపడగానే రాయండి

క్యూబుని నొక్కి పగలగొట్టే మిషన్ ముల్లు ఆగిన చోట ఏ అంకె ఉంటే అదే రాయండి. ఇంకెవరూ మాట్లాడకముందే రాసేయాలి. లెక్క తర్వాత చేసుకోవచ్చు. "కాసేపాగి రాద్దాంలే" అన్న ఆ కాసేపట్లోనే అంకెలు మారిపోతాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఎం20 కాంక్రీటు (28 రోజులకి చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల బలం ఉండాల్సిన గ్రేడు), 150 మిల్లీమీటర్ల క్యూబులు మూడు, 28 రోజులవి. లోడ్లు 430, 455, 390 కిలోన్యూటన్లు వచ్చాయి. క్యూబు ముఖం వైశాల్యం 22,500 చదరపు మిల్లీమీటర్లు కాబట్టి బలం చదరపు మిల్లీమీటరుకు 19.1, 20.2, 17.3 న్యూటన్లు. సగటు 18.9. ఇంతలో సైట్ ఇంజనీరు గారు వెనక నుంచి, "అన్నీ ఇరవై ఒకటి చిల్లర వేసెయ్ బాబూ, రేపు బిల్లు పెట్టాలి" అన్నారు.

ఇప్పుడు మీరేం చేయాలి?

3. ముందు మీ రీడింగ్‌నే అనుమానించండి

చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. అంకె తక్కువ వచ్చిందంటే కాంక్రీటు బాగాలేదని అర్థం కాకపోవచ్చు, పరీక్షే సరిగా జరక్కపోయి ఉండొచ్చు. ఎదురు చెప్పే ముందు ఇవి చూసుకోండి:

- చేత్తో దిమ్మిస్తే క్యూబుని మూడు పొరలుగా నింపి, పొరకు 35 పోట్లు పొడవాలి. ఆ రోజు మీరు లేకపోతే మేస్త్రి గారిని మెల్లగా అడగండి, నిజమే చెబుతారు.
- క్యూబు నీళ్లలోంచి తీసిన వెంటనే, తడిగా ఉండగానే పరీక్షించారా? ముఖాల మీద ఇసుక, నీళ్లు తుడిచారా?
- పోత పోసినప్పుడు పైకి ఉన్న గరుకు ముఖం మిషన్ ప్లేటుకి ఆనిందా? ఆనకూడదు, పక్క ముఖాల మీదే లోడు పడాలి.
- లోడు పెంచిన వేగం? నిమిషానికి చదరపు సెంటీమీటరుకు 140 కిలోలు అని ఐఎస్ 516 చెబుతుంది. గబగబా పెంచితే అంకె ఎక్కువొస్తుంది, మరీ నెమ్మదిగా పెంచితే తగ్గుతుంది.
- మూడు క్యూబుల్లో ఏదైనా సగటుకి 15 శాతం కంటే అటూ ఇటూ పోయిందా? పోతే ఆ నమూనా ఫలితమే చెల్లదు. పై ఉదాహరణలో 16.1 నుంచి 21.7 లోపు ఉండాలి. మూడూ ఉన్నాయి.
- మిషన్ మీద క్యాలిబ్రేషన్ స్టిక్కర్ తేదీ దాటిపోయిందా?

వీటిలో ఏది తేడా వచ్చినా అదీ నోట్‌బుక్‌లోకి ఎక్కాలి. "క్యూబు ఆరిపోయి ఉంది" అని రాసిన లైను మీ నిజాయితీకీ ఆధారమే, సైట్ వాళ్లకీ న్యాయమే.

4. ఎదురు తిరక్కండి, ప్రశ్న అడగండి

"ఇది మోసం సార్" అంటే సంభాషణ అక్కడితో సరి. పదిమంది కూలీల ముందు అంటే ఇంకా ప్రమాదం. ఆయన పరువు కోసం పట్టుపడతారు, మీరు మాట కోసం పట్టుపడతారు, మధ్యలో క్యూబు సంగతి గాలికి పోతుంది. పక్కకు పిలిచి మామూలు గొంతుతో అడగండి:

"సార్, రీటెస్ట్ ఏమైనా చేశామాండి? ఆ రిజల్ట్ ఇస్తే అది వేస్తాను. ఇవి మాత్రం నేను చూసిన అంకెలండి, వీటిని మార్చలేను."

లేదా, "నేను ట్రైనీనండి, నా సంతకానికి విలువ ఉండదు. మీరే రాసి సంతకం పెట్టండి సార్, నేను చూసి నేర్చుకుంటాను."

ఈ రెండో మాట బాగా పనిచేస్తుంది, పైగా అది నిజం కూడా. ప్రభుత్వ పనుల్లో ఎం-బుక్‌లో కొలతలు రాయాల్సింది బాధ్యత అప్పగించిన అధికారి. ట్రైనీకి అక్కడ పనే లేదు. తన పేరుతో తప్పుడు అంకె వేయాల్సి వచ్చేసరికి చాలామంది ఒక్క క్షణం ఆగుతారు. ఆ ఆగడమే మీకు కావాలి.

5. బయటపడే దారి మీరే చూపించండి

నన్నడిగితే అసలు మెట్టు ఇదే. పిల్లలు దీన్నే వదిలేస్తారు. తక్కువ అంకె వచ్చిందంటే కట్టింది కూలగొట్టాల్సిందే అని సైట్ వాళ్ల భయం. కోడ్ అలా అనదు. ఒక్క నమూనా తగ్గితే ఏం చేయాలి, వరుసగా నాలుగు నమూనాల సగటు ఎంత ఉండాలి అని ఐఎస్ 456లో లెక్క ఉంది. అనుమానం ఉంటే కట్టిన కాంక్రీటులోంచే కోర్లు (డ్రిల్లుతో కోసి తీసే గుండ్రటి ముక్కలు) తీయొచ్చు. కనీసం మూడు తీయాలి. వాటి సగటు ఆ గ్రేడు బలంలో 85 శాతానికి తగ్గకుండా, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకుండా ఉంటే ఆ కాంక్రీటుని ఒప్పుకోవచ్చు. అదీ కుదరకపోతే కట్టడం మీదే బరువు పెట్టి చూసే లోడ్ టెస్ట్ ఉంది.

అంటే నిజం అంకె వేసినా పని నిలబడే అవకాశం ఉంది. 21 అని రాసేస్తే ఆ దారులన్నీ మూసుకుపోతాయి. రికార్డు ప్రకారం అంతా బాగున్నప్పుడు కోరు ఎందుకు తీస్తారు? "సార్, 456లో కోర్ టెస్ట్ క్లాజు ఉందండి, ఒకసారి చూద్దామా" అంటే, మీరు ఆయన్ని పట్టించే మనిషిలా కాక గట్టెక్కించే మనిషిలా కనిపిస్తారు.

6. ఉప్పునీళ్ల సంగతి విడిగా చూడండి

సఖినేటిపల్లి, అంతర్వేది, అల్లవరం, కాట్రేనికోన, నరసాపురం, మొగల్తూరు వైపు పనిచేసేవాళ్లు దీన్ని దాటేయకండి. కాలువలు కట్టేసిన రోజుల్లో మంచినీళ్లకి ట్యాంకరు పెట్టాలంటే ఖర్చు. పక్కనే బోరు ఉంటుంది, లేదా రొయ్యల చెరువు ఉంటుంది. మోటారు వేసి అవే నీళ్లు కలిపేస్తారు, వాటితోనే క్యూరింగ్ కూడా కానిచ్చేస్తారు.

ఇందులో మోసం ఏమిటంటే, క్యూబు టెస్ట్ దీన్ని పట్టుకోదు. క్లోరైడు ఉంటే మొదటి రోజుల్లో బలం ఇంకా తొందరగా వస్తుంది కూడా. రిపోర్టు భేషుగ్గా ఉంటుంది. కొన్నేళ్లకు లోపల ఊచ తుప్పుపట్టి ఉబ్బి, శ్లాబు కింద పెచ్చులు ఊడతాయి. ఐఎస్ 456 ప్రకారం ఊచ వేసిన కాంక్రీటుకి వాడే నీళ్లలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. ఊచ లేని కాంక్రీటుకి 2,000 దాకా ఒప్పుకుంటారు. పీహెచ్ 6కి తగ్గకూడదు.

చూడటం ఎలా? టీడీఎస్ మీటరు కొంత చెబుతుంది. అది లేకపోతే దగ్గర్లోని వనామీ రొయ్యల చెరువుకి నడవండి. ఉప్పు శాతం చూసే సెలినిటీ మీటరు లేని చెరువు మన దగ్గర తక్కువ. గాజు మీద రెండు చుక్కలు వేసి, మూత దించి, వెలుతురు వైపు పట్టుకుని కంటి దగ్గర పెట్టుకుంటే నీలం, తెలుపు కలిసే గీత దగ్గర అంకె కనిపిస్తుంది. ముందు మంచినీళ్లతో సున్నా వస్తోందో లేదో చూసుకోండి. సముద్రపు ఉప్పు లెక్కన 1 పీపీటీ (వెయ్యి పాళ్లకి ఒక పాలు ఉప్పు) అంటే లీటరుకు సుమారు 550 మిల్లీగ్రాముల క్లోరైడు. అంటే గీత ఒకటి దగ్గరికి వచ్చిందంటే ఆ నీళ్లు హద్దు మీద ఉన్నట్టే. ఇది తొలి అంచనాకి మాత్రమే. రిపోర్టులో రాయాలంటే లీటరు సీసా నిండా నీళ్లు పట్టి, తేదీ, చోటు రాసి, ల్యాబ్‌లో క్లోరైడు టెస్ట్ చేయించాలి.

7. మాటని మెసేజ్‌గా మార్చండి

నోటి మాటతో ఆగకండి. అదే రోజు సాయంత్రం మీ సైట్ ఇంజనీరు గారికి ఇలా పంపండి:

"సార్ నమస్తే. ఈ రోజు 28 రోజుల క్యూబులు మూడు పరీక్షించాం. లోడ్లు 430, 455, 390 కిలోన్యూటన్లు, సగటు 18.9. రిపోర్టులో వేరే అంకెలు వేయాలంటే రీటెస్ట్ వివరాలు పంపగలరు. అప్పటిదాకా నా రికార్డులో ఇవే ఉంచుతున్నాను. కోర్ టెస్ట్ గురించి రేపు మాట్లాడదామండి."

ఇందులో నింద లేదు, బెదిరింపు లేదు. అంకెలున్నాయి, తేదీ ఉంది, ముందుకు దారి ఉంది. ఛాలెంజర్ కథలో పరీక్షకి రాయని భాగం ఇదే. ఆ షటిల్ బూస్టర్ రాకెట్లు తయారుచేసిన కంపెనీలో ఇంజనీరు రోజర్ బోయిజొలీ. ఆయన ప్రమాదం జరిగాక నోరు విప్పిన మనిషి కాదు. 1986 జనవరిలో షటిల్ పేలడానికి ఆరు నెలల ముందే, 1985 జూలైలో, రాకెట్ అతుకుల్లో ఉండే ఓ-రింగుల (రబ్బరు సీళ్ల) ప్రమాదం గురించి పైవాళ్లకి మెమో రాసిపెట్టాడు. ఆ మెమో ప్రయోగాన్ని ఆపలేదు. కానీ విచారణలో ఏం జరిగిందో తేల్చడానికి పనికొచ్చింది.

హెచ్చరిక: మెసేజ్ స్క్రీన్‌షాట్‌ని క్లాస్ గ్రూప్‌లో పెట్టకండి. స్టేటస్ అసలే వద్దు.

8. వినకపోతే ఒక్కో మెట్టు ఎక్కండి

ముందు కాలేజీ కోఆర్డినేటర్. ఆయన మాట్లాడితే చాలావరకు అక్కడే తెగిపోతుంది. కనీసం వేరే సైట్‌కి మారుస్తారు. తర్వాత ఆ పని చూసే డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) గారు, లేదా క్వాలిటీ కంట్రోల్ విభాగం. ప్రైవేటు కంపెనీ అయితే ప్రాజెక్ట్ మేనేజరు.

పైకి వెళ్లే ముందు మీ దగ్గరున్నదేంటో తేల్చుకోండి: మీ కళ్లతో చూసింది ఒక వైపు, విన్నది ఇంకో వైపు. విన్నది ఫిర్యాదులో రాయొద్దు. "కాంట్రాక్టరు గారు అందరికీ ఇస్తారట" అన్న ఒక్క లైను మిగతా పేజీ విలువంతా తీసేస్తుంది.

లంచం అడిగితే ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) టోల్‌ఫ్రీ నంబరు 1064. పూర్తయిన పని రికార్డులు కావాలంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టొచ్చు. గడువు 30 రోజులు. ఈ చట్టం కింద కాగితాలే కాదు, పనిలో వాడిన సరుకు నమూనా కూడా అధికారికంగా అడిగి తీసుకోవచ్చు. ఇది తెలిసినవాళ్లు తక్కువ.

మన డెల్టాలో చమురు, గ్యాసు పనులు చేసేవి ఎక్కువగా కేంద్ర సంస్థలు. వాటిలో అవినీతి మీద పేరు బయటికి రాకుండా ఫిర్యాదు చేయాలంటే కేంద్ర విజిలెన్స్ కమిషన్ దగ్గర పిడ్పీ అనే పద్ధతి ఉంది. కవరు అంటించి, ఇది ప్రజాహిత ఫిర్యాదు అని పైన రాయాలి. మీ పేరు, చిరునామా లోపలి కాగితంలోనే ఉండాలి, కవరు మీద ఉండకూడదు. ఆకాశరామన్న ఉత్తరాలు అక్కడ చెల్లవు. 2004లో ఈ ఏర్పాటు రావడానికి సత్యేంద్ర దూబే ఉదంతం కారణం. జాతీయ రహదారి పనుల్లో అక్రమాల గురించి తన పేరు దాచమని కోరుతూ ప్రధాని కార్యాలయానికి రాసిన ఇంజనీరు ఆయన. ఆ పేరు ఆఫీసులు తిరిగింది. 2003 నవంబరు 27న గయలో ఆయన హత్యకు గురయ్యారు. దోపిడీ కోసం జరిగిన హత్య అని కేసులో తేల్చారు. అయినా ఫిర్యాదుదారు పేరు ఎంత జాగ్రత్తగా ఉండాలో దేశానికి అప్పుడే తెలిసొచ్చింది. కాబట్టి ఈ మెట్టు ఒంటరిగా ఎక్కకండి. ఇంట్లో అమ్మానాన్నలకి, కాలేజీలో ఒక పెద్దకి చెప్పి ఎక్కండి.

ఈ మెట్లన్నీ వదిలేయాల్సిన సందర్భం

గ్యాసు వాసన, ఒరిగిన సెంట్రింగ్, గోతిలో బీటలేస్తున్న మట్టి, నీళ్లలో తెగిపడ్డ కరెంటు వైరు. ఇక్కడ మర్యాద, మెసేజ్ ఏమీ లేవు. గట్టిగా అరిచి మనుషుల్ని పక్కకు తీసుకెళ్లండి, తర్వాత ఫోన్ చేయండి. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరంలో గ్యాస్ పైప్‌లైన్ పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. కోనసీమలో పైపు పక్కన పనిచేసే ఏ ట్రైనీ అయినా వాసన వచ్చిందంటే "రేపు చెబుదాంలే" అనుకోకూడదు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

తప్పుడు అంకె వేసి, పక్కన చిన్న చుక్క పెట్టుకోవడం. "తర్వాత అడిగితే చెబుతాను సార్" అంటారు. ఆ చుక్క అర్థం మీకు తప్ప ఎవరికీ తెలియదు, సంతకం మాత్రం అందరికీ కనిపిస్తుంది.

రహస్యంగా రికార్డింగ్ చేయడం. నాకిది ససేమిరా నచ్చదు. ఒకసారి బయటపడితే ఆ సైట్‌లో తర్వాత వచ్చే మీ జూనియర్లని కూడా ఎవరూ దగ్గరికి రానివ్వరు. నోట్‌బుక్, మెసేజ్ సరిపోతాయి.

మేస్త్రినీ కూలీలనీ దొంగలుగా చూడటం. నీళ్లు ఏ బోరువో, ఇసుక ఏ ర్యాంపుదో వాళ్లు నిర్ణయించరు. తప్పు పైనుంచి వస్తే కేకలు కింద పడుతుంటాయి, మీరు కూడా అందులో చేరకండి.

ఇక సైట్‌లో పట్టుదలగా ఉండి, కాలేజీలో ల్యాబ్ రికార్డు పక్కవాడిది దించేయడం. ఫైనలియర్ ప్రాజెక్టు షాపులో కొనేయడం. చూడని రీడింగ్ రాయడం అలవాటయ్యేది అక్కడే. ఈఈఈ వాళ్లు ఎర్తింగ్ సరిగా ఉందో కొలిచే ఎర్త్ టెస్టర్ సంచిలోంచి తీయకుండానే "2 ఓమ్‌లు" అని వేసేస్తారు. రేపు అదే చేయి రొయ్యల చెరువులో నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ మోటార్ల రిపోర్టు రాస్తుంది, ఆ నీళ్లలో దిగి పనిచేసేవాళ్లుంటారు. సీఎస్ఈ వాళ్లకి క్యూబుల్లేకపోయినా సెన్సర్ డేటా ఉంటుంది. ఆగిపోయిన గంటలకి అంకెలు నింపేయకుండా, ఖాళీని ఖాళీగా ఉంచి కారణం రాయండి.

సరిగ్గా చేశారో లేదో చూసుకోవడం

మీ నోట్‌బుక్‌ని ఆ సైట్ చూడని స్నేహితుడికి ఇవ్వండి. మిమ్మల్ని ఒక్క ప్రశ్న అడక్కుండా లోడు నుంచి బలం దాకా మళ్లీ లెక్క కట్టగలిగితే రికార్డు బాగున్నట్టు.

అంకెల చెదురు చూడండి. నిజం కాంక్రీటు 19.1, 20.2, 17.3 అని ఎగుడుదిగుడుగా వస్తుంది. వరుసగా 21.1, 21.2, 21.1 అని నెలంతా కనిపిస్తే అవి మిషన్‌లోంచి వచ్చినవి కాకపోవచ్చు.

బస్తాలతో సరిచూడండి. 1:1.5:3 పాళ్లలో (సిమెంటు, ఇసుక, కంకర) క్యూబిక్ మీటరుకి సుమారు 8 బస్తాల సిమెంటు పడుతుంది. పోసిన కాంక్రీటుకీ, ఖాళీ సంచులకీ పొంతన లేకపోతే క్యూబు రిపోర్టు ఎంత అందంగా ఉన్నా మళ్లీ చూడాల్సిందే.

సర్టిఫికెట్ ఆపేస్తే

ఇది మీ అందరి ఆఖరి ప్రశ్న. ఆపుతామని అనేవాళ్లు ఉంటారు, నిజంగా ఆపేవాళ్లు అంతమంది ఉండరు. అయినా సరే, ఇంటర్న్‌షిప్ చివరి వారం దాకా ఆగకుండా, మొదటి పదిహేను రోజులు అవగానే హాజరు కాగితం మీద సంతకం తీసుకోండి. నోట్‌బుక్ పేజీల ఫొటోలు వారానికోసారి కోఆర్డినేటర్‌కి మెయిల్ చేయండి. సర్టిఫికెట్ రాకపోతే ఈ రెండూ, చేరిన రోజు లెటరూ జతచేసి విభాగాధిపతి పేరున దరఖాస్తు ఇవ్వండి. కాలేజీ తరఫున కంపెనీకి లెటర్ రాయమని, లేదా నోట్‌బుక్ ఆధారంగా వైవా పెట్టమని అడగండి. దరఖాస్తు నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకోవడం మర్చిపోకండి.